ప్రతి ఆదివారం ఏరినా బీచ్ మళ్లీ అలాగే ఎందుకు ఉంటోంది? పని మొదలుపెట్టాల్సింది గెడ్డ దగ్గర

మీరడిగింది: విశాఖలో మా అపార్ట్‌మెంట్ల సంఘం, పక్కనున్న జాలరిపేట కుర్రాళ్లు కలిసి ఆదివారాలు బీచ్‌లో చెత్త ఏరుతున్నారు, గురువారానికల్లా మళ్లీ అంతే పేరుకుంటోంది, గెడ్డ (ఊరి వాననీటిని సముద్రంలోకి మోసే కాలవ) కలిసేచోట నీళ్లు వాసన కొడుతున్నాయి, ఇంకేం చేయాలి, ఎవర్ని కలవాలి?

మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. పర్యాటకులు పడేసిన చెత్త అయితే శని, ఆదివారాలు దాటిన సోమవారం పొద్దున ఎక్కువ ఉండాలి, గురువారానికి తగ్గాలి. వారం మధ్యలో పెరుగుతోందంటే అది గెడ్డ మోసుకొచ్చిందో, సముద్రం ఒడ్డుకు వేసిందో అయ్యుంటుంది. ఈ మూడింటికీ మందు వేరు. కాబట్టి ముందు వచ్చే నెల రోజులూ ఏరడంతో పాటు లెక్క రాయండి.

100 మీటర్ల ముక్క ఒకటి ఎంచుకోండి. నీటి అంచు నుంచి ఇసుకలో మొక్కలు మొదలయ్యే గీత దాకా. రెండు చివర్లా మారని గుర్తు ఉండాలి, దీపస్తంభమో మెట్లో. ఏరినదాన్ని మూడు కుప్పలు చేయండి. షాంపూ సాషేలు, పాల ప్యాకెట్లు, మాత్రల అట్టలు, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు ఉంటే గెడ్డ సరుకు. టీ కప్పులు, చిప్స్ ప్యాకెట్లు, మొక్కజొన్న కండెలు, నీళ్ల సీసాలు ఉంటే బీచ్ సరుకు. వల ముక్కలు, బెండ్లు, థర్మోకోల్ పెంకులు, గుల్లలు అతుక్కున్న సీసాలు సముద్రం నుంచి వచ్చినవి. ఒక్కో కుప్పా నీరు కారనిచ్చి స్ప్రింగ్ తూకంతో తూచండి. తడి ఇసుకతో తూస్తే బరువు రెట్టింపు చూపిస్తుంది, ఆ అంకె పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లినా నిలబడదు.

చెత్త గెడ్డకు ఏ వైపు పేరుకుంటోందో కూడా రాయండి. మన తీరంలో నైరుతి గాలులున్నంత కాలం ఒడ్డు వెంబడి ప్రవాహం ఎక్కువగా ఉత్తరాన భీమిలి వైపు సాగుతుంది, అక్టోబరు తర్వాత డిసెంబరు దాకా దక్షిణాన హార్బరు వైపు తిరుగుతుంది. అంటే జూలైలో మీ బీచ్‌ను పాడుచేసే గెడ్డ, నవంబరులో పాడుచేసే గెడ్డ ఒకటే కాకపోవచ్చు. దక్షిణాన ఉన్న మరో కాలనీతో కలవాల్సిన అవసరం చాలాసార్లు ఇక్కడే తేలుతుంది.

ఇక గెడ్డ. వాన లేని రోజుల్లో వాననీటి కాలవలో నీళ్లు పారకూడదు. పారుతున్నాయంటే అది ఎక్కువగా మురుగే: సెప్టిక్ ట్యాంకు పొర్లుగొట్టాన్ని కాలవలో కలిపిన ఇళ్లు, హోటళ్ల కడుగునీళ్లు, కార్లు కడిగే షెడ్లు. ఎంత పారుతోందో కొలవడానికి పరికరం అక్కర్లేదు. కాలవ తిన్నగా ఉన్నచోట 5 మీటర్లు గుర్తు పెట్టి ఒక నిమ్మకాయ వదలండి. ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూసి సగటు తీయండి. 5ని ఆ సగటుతో భాగిస్తే వేగం వస్తుంది. వెడల్పు, లోతు (రెండూ మీటర్లలో), వేగం గుణించి దాన్ని మళ్లీ 0.85తో గుణించాలి, ఎందుకంటే అడుగున, అంచుల్లో నీరు పైనున్న నీటికంటే నెమ్మదిగా కదులుతుంది.

ఉదాహరణకి వెడల్పు 1.2 మీటర్లు, లోతు 10 సెంటీమీటర్లు, 5 మీటర్లకి 20 సెకన్లు అనుకుందాం. సెకనుకు సుమారు 0.025 ఘనపు మీటర్లు, అంటే 25 లీటర్లు. రోజంతా అలాగే పారితే 22 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరా, అందులో 80 శాతం మురుగు అనే మామూలు ఇంజనీరింగ్ లెక్కన ఇది సుమారు 20 వేల మంది మురుగు. అయితే ప్రవాహం రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున 6 నుంచి 9 మధ్య ఉబ్బుతుంది, అర్ధరాత్రి సన్నబడుతుంది. తెల్లవారు 4కి, 8కి, మధ్యాహ్నం 1కి, రాత్రి 8కి కొలిచి సగటు తీయండి. తెల్లవారుజామున కూడా పొద్దుటంత పారుతోందంటే మురుగుతో పాటు ఎక్కడో మంచినీటి పైపు కారుతోందని అనుమానించాలి. ఆ సంగతి చెబితే నీటి సరఫరా విభాగం మురుగు విభాగం కంటే త్వరగా కదులుతుంది.

ఈ కొలతకి ఇంత చోటు ఎందుకిస్తున్నానంటే, వాసనకి అసలు పరిష్కారం మీ చేతుల్లో లేదు. ఎండాకాలపు ప్రవాహాన్ని గెడ్డ నోటి దగ్గర అడ్డగించి, పంపు చేసి, శుద్ధి కేంద్రానికి మళ్లించాలి. అది జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) పని. ఏ సామర్థ్యం పంపు కావాలో చెప్పే అంకె లేకుండా ఆ ఫైలు అంచనా దశే దాటదు. 'కంపు కొడుతోంది' అన్న అర్జీకి బ్లీచింగ్ చల్లి ఫోటో పంపుతారు. నాలుగు వేళల కొలతలు, తేదీలతో సహా జతచేసిన అర్జీకి అలా సమాధానం ఇవ్వడం కష్టం.

నీటి పరీక్ష విషయంలో జనం ఎక్కువగా డబ్బు వృథా చేస్తారు. సీసాడు నీళ్లు తీసుకెళ్లి ముప్పై పరీక్షలు చేయిస్తారు. మీకు కావాల్సినవి కొన్నే: ఫీకల్ కోలిఫాం (మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా), బీఓడీ (మురికిని కుళ్లబెట్టడానికి బ్యాక్టీరియా వాడే ఆక్సిజన్), కరిగిన ఆక్సిజన్, పీహెచ్, టర్బిడిటీ (నీటి మసక, ఎన్‌టీయూల్లో కొలుస్తారు), దానితోపాటు లవణీయత. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీరజలాల్లో స్నానానికి పనికొచ్చే తరగతిని ఎస్‌డబ్ల్యూ-2 అంటుంది. దాని హద్దులు: ఫీకల్ కోలిఫాం 100 మిల్లీలీటర్లకు 100, బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు, కరిగిన ఆక్సిజన్ కనీసం 4 మిల్లీగ్రాములు, పీహెచ్ 6.5 నుంచి 8.5, టర్బిడిటీ 30 ఎన్‌టీయూ. పోల్చాల్సింది వీటితోనే, తాగునీటి ప్రమాణాలతో కాదు. లవణీయత ఎందుకంటే, సముద్రపు నమూనాలో గెడ్డ నీరు ఎంత కలిసిందో అది చెబుతుంది.

నాలుగు చోట్ల తీయండి: పోటు నీరు ఎక్కని ఎత్తులో గెడ్డలో, గెడ్డ నోటి దగ్గర, నోటికి అటు 100 మీటర్లు, ఇటు 100 మీటర్లు సముద్రంలో. సీసా ల్యాబు ఇచ్చిన స్టెరైల్ సీసానే అయ్యుండాలి, బిస్లరీ సీసా కడిగి వాడితే లెక్కకు రాదు. మోకాలికి కొంచెం పైదాకా నీళ్లలోకి వెళ్లి, కాళ్లు కదిపిన బురద సర్దుకున్నాక, సీసాని తలకిందులుగా ఒక అడుగు లోతుకు దించి, ప్రవాహానికి ఎదురుగా తిప్పి నింపాలి. పైన అంగుళం ఖాళీ వదలాలి. మూత లోపలివైపు వేలు తగిలితే ఆ నమూనా పారబోయండి. ఐస్ పెట్టెలో పెట్టి 6 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. కరిగిన ఆక్సిజన్ మాత్రం అక్కడికక్కడే మీటరుతో చూడాలి, లేదా ల్యాబువాళ్లిచ్చిన రసాయనాలతో వెంటనే స్థిరపరచాలి. ఇంటికి తెచ్చాక చూసిన ఆక్సిజన్ అంకెకి అర్థం లేదు.

వేళ కూడా ముఖ్యం. ఎండకి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పొద్దున 7కి తీసినదానికీ మధ్యాహ్నం 2కి తీసినదానికీ చాలా తేడా రావొచ్చు. ఎప్పుడూ పొద్దున్నే, పాటుకి సముద్రం వెనక్కి తగ్గుతున్నప్పుడు తీయండి. వాన లేని రోజుల్లో మూడు విడతలు, మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు ఒక విడత చాలు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ మండలి) గుర్తింపున్న ల్యాబు రిపోర్టే అధికారుల ముందు పనికొస్తుంది. వీలైతే ఆంధ్రా విశ్వవిద్యాలయంలో సముద్ర జీవవనరులు చదివే విద్యార్థుల్ని కలుపుకోండి. వాళ్లకి ప్రాజెక్టు, మీకు క్రమశిక్షణ.

చెత్తని ఆపే బూమ్ సంగతికి వద్దాం. గెడ్డకి అడ్డంగా తేలే కంచె ఇది. కొనేవి ఖరీదు. 6 మీటర్ల గెడ్డకి పేటలో తయారు చేసుకోవచ్చు, వలలు అల్లే చేతులు ఉండనే ఉన్నాయి.

దీన్ని నేరుగా అడ్డంగా కట్టకూడదు. నీటి వేగం సెకనుకు 35 సెంటీమీటర్లు దాటితే చెత్త బూమ్ కింది నుంచి జారిపోతుంది. 45 డిగ్రీల ఏటవాలుగా కడితే చెత్త దానంతటదే ఒక గట్టు వైపు జరుగుతుంది, తీసేవాళ్లకీ సులువు. 6 మీటర్ల వెడల్పుకి ఏటవాలు పొడవు 8.5 మీటర్లు, వదులు కలిపి 10 మీటర్లు. తేలడానికి 110 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (దళసరి ప్లాస్టిక్) పైపు, మీటరు ముక్కలు పది, రెండు వైపులా నీరు చొరకుండా మూసినవి. ఒక్కోటి 9 కిలోలకి పైగా బరువు తేల్చగలదు, పైపు సొంత బరువు పోయినా చాలినంత మిగులుతుంది. పీవీసీ చవకే గానీ ఎండకి పెళుసై పగులుతుంది. నూనె డబ్బాలు కట్టొద్దు, గుండ్రటి డబ్బాల మధ్య సందుల్లోంచి సాషేలు దూరిపోతాయి. కింద 30 సెంటీమీటర్ల పాత నైలాన్ వల, రెండు మడతలు, దాని అడుగున 6 మిల్లీమీటర్ల గొలుసు, మీటరుకి ముప్పావు కిలో పైచిలుకు బరువుంటుంది. వలని అంతకంటే లోతుకు దించితే నీటిని పట్టేసి బూమ్ బోర్లా పడుతుంది. మొత్తం మీద ఒకే 12 మిల్లీమీటర్ల తాడు, పైపుల గుండా కాకుండా పైపుల వెంట.

గట్టున కట్టే విధానంలోనే బూమ్ బతుకుతుందో పోతుందో తేలుతుంది. చెత్త చేరే గట్టు, అంటే దిగువ కొన, గట్టిగా ఉండాలి: 2 అంగుళాల జీఐ (జింకు పూత ఇనుప) పైపు మీటరు లోతుకు దించి, అడుగున కాంక్రీటు. ఎగువ కొనకి మాత్రం కావాలనే 4 మిల్లీమీటర్ల సన్న తాడు వేయాలి. వరదొచ్చినప్పుడు ముందు అదే తెగాలి. అప్పుడు బూమ్ తిరిగి దిగువ గట్టుకి ఆనుకుంటుంది, పోదు. రెండు కొనలూ గట్టిగా కట్టినచోట తుక్కు, అరటి దవ్వలు, గుర్రపుడెక్క పేరుకుని నీరు ఎగదన్ని పక్క ఇళ్లలోకి వస్తుంది. అలా ఒక్కసారి జరిగితే ఆ కాలనీ ఇక బూమ్ మాట ఎత్తనివ్వదు, వాళ్లని తప్పుపట్టలేం కూడా. పోర్టులో తుపాను హెచ్చరిక ఎగరేసిన రోజు బూమ్‌ని పూర్తిగా తీసి ఒడ్డున పెట్టాలి. అక్టోబరు, నవంబరుల్లో ఎవరు తీస్తారో పేరు రాసి ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన ఊరు మనది.

కట్టేచోటు నోటి దగ్గర కాదు. పోటు నీరు ఎగదన్నితే పట్టిన చెత్త వెనక్కి తేలి, పాటుకి మళ్లీ జారిపోతుంది. పౌర్ణమి, అమావాస్యలకి మన దగ్గర పోటుపాట్ల తేడా సుమారు ఒకటిన్నర మీటరు. పోటు ఎక్కని ఎత్తులో, ఆటో లేదా చెత్త ట్రాలీ దగ్గరికి రాగల కల్వర్టు పక్కన చూసుకోండి. ట్రాలీ రాని చోట కడితే తీసిన చెత్త గట్టునే కుప్పపడి, మొదటి వానకి మళ్లీ గెడ్డలోకే వెళ్తుంది.

జీవీఎంసీ లిఖిత అనుమతి లేకుండా కట్టొద్దు. వార్డు సచివాలయంలో శానిటేషన్ కార్యదర్శిని, అమెనిటీస్ కార్యదర్శిని ఇద్దర్నీ కలవండి: ఒకరు చెత్త తీసుకెళ్లేవారు, ఇంకొకరు కాలవ చూసేవారు. అనుమతి పత్రంలో తప్పక ఉండాల్సిన వాక్యం ఒకటుంది: వారానికి ఏయే రోజుల్లో, ఏ వేళకి బండి వస్తుంది. చాలాచోట్ల బూమ్ కట్టడం ఘనంగా జరుగుతుంది, రెండు వారాలకి బండి రావడం ఆగుతుంది, నెలకి అది దోమల గుంట అవుతుంది. వారానికి కనీసం రెండుసార్లు, వానల్లో రోజూ తీయాలి. తీసేవాళ్లు స్వచ్ఛంద సేవకులు కాకూడదు, పేటలో ఇద్దరికి జీతమిచ్చి పెట్టాలి. అపార్ట్‌మెంట్ల మెయింటెనెన్స్‌లో ఇంటికి కొద్ది మొత్తం కలిపితే సరిపోతుంది. మోచేతి దాకా రబ్బరు గ్లౌజులు, గంబూట్లు, టెటనస్ సూది తప్పనిసరి. సిరంజిలకి మందపాటి డబ్బా విడిగా. కాళ్లకి గాయాలున్నవాళ్లు వాననీటి గెడ్డలో దిగకూడదు, ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ భయం ఉంది. పిల్లల్ని ఎట్టి పరిస్థితుల్లోనూ దింపొద్దు.

గెడ్డ నోటికి ఎండాకాలంలో ఇసుక దిబ్బ అడ్డంపడి నీరు నల్లగా నిలిచిపోతే, దాన్ని పారలతో తెగ్గొట్టడం అలవాటు. వాసన ఆ రోజుకి పోతుంది. కానీ నెలలుగా కుళ్లిన, ఆక్సిజన్ లేని నీరు ఒక్కసారిగా సముద్రంలోకి పోయి ఆ ముక్కలో చేపలు తేలుతాయి, రెండు మూడు రోజులు స్నానానికీ పనికిరాదు. తెగ్గొట్టక తప్పకపోతే ముందు తేలుతున్న చెత్త మొత్తం తీయండి, ఆదివారాలు, మాఘ పౌర్ణమి, శివరాత్రి స్నానాల వారం వదిలేయండి, పేటకి ముందు రోజే చెప్పండి. అడుగున పేరుకున్న నల్ల బురదని జీవీఎంసీ యంత్రంతో తీయించడం దీనికంటే మేలు.

పేటతో పొత్తు గురించి. బీచ్ శుభ్రం చేసే బృందాలు ముందుగా చెడగొట్టుకునేది ఇదే. ఇసుక మీద ఆరబెట్టిన వల చెత్త కాదు. తాడు ముక్క, బెండు, గుడ్డ చుట్టిన రాయి కూడా ఎవరివో అయ్యుంటాయి. కాలేజీ పిల్లలు కత్తెరలతో వచ్చి తాళ్లు కోసి సంచుల్లో వేసుకుని పోయిన ఆదివారం తర్వాత పేటవాళ్లు సాయానికి రారు. ఏరే ముందు పేట మనిషి ఒకరు గీత గీసి చూపాలి: దీని ఇవతల మాది. సమావేశం హోటల్లో కాదు, పేట రామాలయం దగ్గర పెట్టండి. ఏ రోజు, ఏ వేళ అన్నది వేట చూసుకుని వాళ్లే చెబుతారు. చేపలు అమ్మే ఆడవాళ్లని విడిగా పిలిచి అడగండి, గెడ్డ నీటితో చేపలు కడగాల్సి రావడం, కొళాయి లేకపోవడం లాంటివి మగవాళ్ల సభలో బయటికి రావు. బోటు వాడితే డీజిలుకీ, పోయిన వేటకీ డబ్బు లెక్కగట్టి ఇవ్వండి. సేవ పేరుతో ఒకరి రోజుకూలి అడగకూడదు.

సముద్రం నుంచి వచ్చే కుప్పలో వలలే ఎక్కువ ఉంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే 61 రోజుల వేట విరామం మీకు అనువైన కాలం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేస్తారు, పనికిరానివి అప్పుడే పక్కన పడతాయి. షెడ్డు పక్కన రెండు జాలీ బుట్టలు పెట్టండి, ఒకటి నైలాన్ వలలకి, ఒకటి తాళ్లు, బెండ్లకి. రెండూ కలిస్తే కొనేవాడు తీసుకోడు, అవి వేర్వేరు ప్లాస్టిక్‌లు. రాళ్లకి చిక్కుకున్న వలల్ని బోటుకి కట్టి లాగొద్దు: ప్రొపెల్లరుకి చుట్టుకుంటుంది, రాతి మీది జీవం ఊడొస్తుంది. శిక్షణ ఉన్న డైవర్లు ముక్కలుగా కోసి గాలిసంచితో లేపాలి. ఏళ్ల తరబడి ఉండి గుల్లలు, నాచు పూర్తిగా కప్పేసిన వలయితే, ఊగులాడే భాగం మాత్రం కోసి మిగతాది వదిలేయడమే మంచిది.

కొన్ని వద్దు. గెడ్డలో బ్లీచింగ్ వద్దు, అది సేంద్రియ మురికితో కలిసి అడుగున బతికేవాటిని చంపుతుంది, ఎగువ నుంచి వచ్చే మురుగుని మరుసటి గంట కూడా ఆపలేదు. అలలు కొట్టే ఇసుక బీచ్‌లో మడ మొక్కలు నాటొద్దు, వాటికి అలల తాకిడి లేని బురద నేల, రోజూ పోటుపాట్లు కావాలి. మేఘాద్రిగెడ్డ వైపు అలాంటి నేల ఉంది గానీ అక్కడ పని పోర్టు, అటవీశాఖ అనుమతితోనే. ఇసుక కదలకుండా కావాలంటే బాలబంద తీగ, మేక గిట్ట ఆకులూ ఊదా పువ్వులూ ఉండేది, మూరెడు ముక్కలు కోసి సగం పాతితే చాలు, వానల మొదట్లో. సరుగుడు నీటి అంచు దాకా నాటితే తాబేళ్లకి గుడ్లు పెట్టే చోటు పోతుంది. జనవరి నుంచి మే దాకా ఇసుకని యంత్రంతో దున్ని శుభ్రం చేయించొద్దు, రాత్రి ఫ్లడ్ లైట్లు వద్దు. గుడ్లు కనిపిస్తే తాకకుండా అటవీశాఖకి చెప్పండి, ఆలివ్ రిడ్లీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. పాత టైర్లు ముంచి కృత్రిమ దిబ్బలు కడదామని ఎవరైనా అంటే మానిపించండి, తాళ్లు తెగి టైర్లు ఒడ్డుకొస్తాయి. సరైన కాంక్రీటు దిబ్బలకి కూడా సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) లాంటి సంస్థ స్థల పరిశీలన, అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగేవాళ్ల ఒప్పుకోలు ఉండాలి. వాళ్ల వల పారేచోట దిబ్బ వేస్తే వల చిరుగుతుంది, ఊళ్లో గొడవ అవుతుంది.

కాగితాల వరస: కొలతలు, ల్యాబు రిపోర్టులు, ఫోటోలు (తేదీ, వేళ, స్థలం కనిపించేలా) కలిపి రెండు పేజీల నివేదిక. ముందు వార్డు, తర్వాత జోనల్ కమిషనర్, ఆపైన సోమవారం ప్రజా ఫిర్యాదుల వేదిక పీజీఆర్‌ఎస్‌లో అర్జీ, నకలు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి. అర్జీ మీద పేట పెద్దల సంతకాలు, అపార్ట్‌మెంట్ల సంఘం సంతకాలు పక్కపక్కన ఉండాలి. ఒక్క వర్గమే పెడితే రెండో వర్గం మీద నెట్టేయడం సులువు: కాలనీవాళ్లు పెడితే పేటవాళ్లే మురికి చేస్తున్నారంటారు, పేటవాళ్లు పెడితే అపార్ట్‌మెంట్ల డ్రైనేజీ అంటారు. సమాచార హక్కు కింద రెండే అడగండి: ఈ గెడ్డ ప్రవాహాన్ని మళ్లించే ప్రతిపాదన ఏ దశలో ఉంది, మీ ప్రాంత మురుగు శుద్ధి కేంద్రం గత 12 నెలల్లో రోజుకి ఎంత నీరు తీసుకుంది. జవాబుకి 30 రోజుల గడువు. శుద్ధి కేంద్రం సామర్థ్యం కంటే తక్కువ నడుస్తోందని తేలితే 'చోటు లేదు' అనే మాట చెల్లదు. జాతీయ హరిత ట్రైబ్యునల్ (పర్యావరణ కేసుల కోర్టు) చెన్నై బెంచి ఆఖరి దారి. అక్కడ ట్రైబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద, వివాదానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల గడువు ఉంటుంది కాబట్టి మొదటి అర్జీ తేదీ, అందినట్టు ముద్ర జాగ్రత్త.

గెడ్డ వెడల్పు, ఎండాకాలపు లోతు, నాలుగు వేళల నిమ్మకాయ లెక్క, గట్టు మట్టిదా రాతి గోడా అన్నది రాసి పంపండి. బూమ్ పొడవు, యాంకరు ఎక్కడ పడాలన్నది వాటిని బట్టే చెప్పాలి.